ఈనకముందు పోసిన మందు

ఆగస్టు 18, సోమవారం

తుల్సీబాయి అవ్వ బర్రె చచ్చిపోయింది. దుడ్డె కూడా దక్కలేదు.

నొప్పులు పొద్దున ఆరుకు మొదలయ్యాయి, మధ్యాహ్నానికి అంతా అయిపోయింది. హీర్యా కాకా వచ్చి దుడ్డె కాళ్లకు తాడు కట్టాడు. నలుగురు మగవాళ్లు లాగారు. బర్రె ఒక్కసారి కూడా అరవలేదు. లాగినకొద్దీ అది కూడా తాడుతో పాటు వాళ్ల వైపు జరిగింది. ముక్కడానికి దానికి బలం ఉంటే కదా. తాడు కొసన దుడ్డె వచ్చేసరికి రెండూ పోయాయి.

మా తండాలో ఎవరి బర్రె ఈనాలన్నా హీర్యా కాకాయే రావాలి. ముప్పై ఏళ్లుగా ఆయన మాటే మాట. చెయ్యి కడుక్కుంటూ అవ్వనే తిట్టాడు.

"మేత ఎక్కువైంది. కడుపుల దుడ్డె బలిసింది. నేను చెప్పిన్నా లేదా?"

అవ్వ ఏడుస్తూనే ఒప్పుకుంది. "ఔ హీర్యా, ఆఖర్ల రెండొద్దులు తవుడు పెట్టిన. నాదే తప్పు."

రెండు రోజుల తవుడు! చూడి బర్రెకు ఆఖరి రెండు నెలలు ఉత్త వరిగడ్డి, నీళ్లు. ఇది తండా కట్టు. దాణా పెడితే దుడ్డె లావై ఇరుక్కుంటుందట. పాలియ్యని బర్రెకు దాణా దండగ అన్న ఆలోచన కూడా ఇందులో ఉంది. అది మాత్రం ఎవరూ పైకి అనరు.

నేను ఊరుకోలేకపోయాను. "కాకా, బలిసిన దుడ్డె గిట్ల పుల్లలెక్క ఉన్నదేంది?" అని అడిగాను. నేల మీద పడి ఉన్న దుడ్డె పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు.

"నీకు పెండ్లయిందా? పిల్లలు పుట్టిన్రా?" అన్నాడు. "ఈతల సంగతి నీకేం ఎరుక పో."

అందరూ నవ్వారు. మా బాపు కూడా నవ్వాడు. అది మర్చిపోను.

మా బర్రె బూరి దసరాకు ఈనాలి.

ఆగస్టు 20

యూరియా లైన్లో బాపు చెప్పులు పెట్టి వచ్చాడు. చెప్పులు లైన్లో ఉన్నంతసేపు చెట్టు కింద బీడీలు. రైతు బతుకు మీద నా దగ్గర నాలుగు కరపత్రాలు ఉన్నాయి. ఒక్కటీ చదవడు.

ఆగస్టు 24, ఆదివారం

జనగామ రైతు మేళాకు పోయి వచ్చాను. మార్కెట్ యార్డులో షామియానాల కింద ట్రాక్టర్లు చూసేవాళ్లు చూస్తున్నారు, నేను మాత్రం కాగితాలు ఏరుకున్నాను. విత్తనాలవి రెండు, సమాచార హక్కుది ఒకటి, పశువులది ఒకటి. బస్సులో జఫర్‌గఢ్ వచ్చేదాకా నిలబడే చదివాను.

పశువులది బంగారం. "కష్టపు ఈతలు – రక్తంలో వచ్చే మార్పులు" అని పేరు. అన్నిచోట్లా గేదె అని రాశారు. బర్రె అని రాస్తే వాళ్లకు నామోషీ కాబోలు. పోనీ, విషయం నిజం. ఈనే వేళ గేదె రక్తంలో కాల్షియం పడిపోతే గర్భసంచి ముడుచుకోదు, నొప్పులు రావు, దుడ్డె దారిలోనే ఆగిపోతుంది. ఒంట్లో చక్కెర లేకపోతే ముక్కే బలం ఉండదు. ఉత్త వరిగడ్డి మీద బతికే పశువుకు ఈ రెండు ప్రమాదాలూ ఎక్కువ. వరిగడ్డిలో ఉండే ఆమ్లం ఉన్న కాల్షియాన్ని కూడా పట్టేసుకుంటుంది.

కాలువ నీళ్లు వచ్చిన తర్వాత మా దగ్గర జొన్న పోయింది. జొన్న సొప్ప పోయింది. ఎటు చూసినా వరే. బర్రెలకు ఏడాదంతా వరిగడ్డే. ఎవరైనా ఈ రెండూ కలిపి ఆలోచించారా? నేను ఆలోచించాను.

ఇక ఊరుకోను.

ఆగస్టు 25

గంజి కాచి కరపత్రాన్ని మా కొట్టం గోడకు అతికించాను. దారిన పోయేవాళ్లందరికీ కనపడాలి. వెనక పక్క కూడా ఏదో అచ్చు ఉంది. ఎప్పుడేం పెట్టాలో ఒక పట్టిక, కింద గీతలు గీసిన ఒక డబ్బా. సగం చూశాను. చాలావరకు ఈనిన తర్వాతి సంగతులే అనిపించింది. ముందు బూరి ఈనితే కదా.

నన్ను కన్న యాడి కూడా అడిగింది, "గా కాయితంల ఏం రాసిన్రే?"

"మనం చేసేదంత తప్పని రాసిన్రు."

"గదైతే నువ్వు రోజు చెప్తనే ఉన్నవ్ గద, మళ్ల కాయితమెందుకు?"

మా యాడితో వాదించి గెలవడం ఎవరి వల్లా కాదు.

సెప్టెంబర్ 2

బూరికి పూటకింత పత్తి చెక్క, తవుడు, గట్ల మీద కోసుకొచ్చిన పచ్చి గడ్డి పెడుతున్నాను. జఫర్‌గఢ్ మందుల దుకాణం నుంచి పశువుల కాల్షియం డబ్బా తెచ్చాను. నాట్లప్పటి నా కూలి పైసలే. ఎవరికీ మాట్లాడే హక్కు లేదు. రోజూ పొద్దున గొట్టంతో నోట్లో పోస్తున్నాను. మొదటి రోజు నా మీదే చీదింది. ఇప్పుడు అదే తల ఎత్తుతోంది.

బాపు కొట్టంలోకి వచ్చి చూశాడు. "పోరీ, నీకు చెప్తున్న. దీనికేమన్న అయితే హైదరాబాద్‌ల మీ అన్న తాన ఉంటవ్, బట్టల దుకాణంల పని చేస్తవ్. నోరు మూసుకొని."

"కాకపోతే?"

"ఏంది కాకపోతే?"

"బూరి మంచిగ ఈనితే, నేను ఈన్నే ఉంట. పశువుల పని నేర్చుకుంట. నువ్వు నోరు మూసుకోవాలె."

చెయ్యెత్తాడు, దించాడు. సరే అన్నట్టే. యాడి సాక్షి.

సెప్టెంబర్ 11

హీర్యా కాకా దారిలో ఆగి బూరి వైపు చూశాడు. దగ్గరికి రాలేదు. "పెండ్లి పిల్లకు పెట్టినట్టు పెడ్తున్నవ్. తాడు తయారుగ ఉంచుత తియ్" అని వెళ్లిపోయాడు.

కావాలనే ఆయన చూస్తుండగా ఇంకో దోసెడు చెక్క వేశాను.

సెప్టెంబర్ 14, ఆదివారం

ఇవాళ గెలిచాను. పక్కింటి చాందీ అక్క కరపత్రం చదివించుకుంది. ఆమె మొగుడు పూణెలో రోడ్డు పనికి పోయి రెండేళ్లు. ఇంట్లో అత్త, ఇద్దరు పిల్లలు, ఒక బర్రె. అది దీపావళి తర్వాత ఈనుతుంది. పాలకేంద్రానికి పోసే పాలతోనే వాళ్ల పొయ్యి వెలుగుతుంది.

"నిజంగ పని చేస్తదా లతా? మా అత్త తిడ్తది."

"అక్కా, తుల్సీబాయి అవ్వ బర్రెను చూసినవా లేదా?"

"చూసిన."

"మరి గట్ల సచ్చుడు కావాల్నా?"

రేపటి నుంచి మొదలుపెడుతుంది. అమర్‌సింగ్ కాకా కూడా డబ్బా తెప్పించమన్నాడు. ఆయన బర్రెకు ఇంకా రెండు నెలలుంది. మూడు ఇళ్లు. మూడు ఇళ్లంటే ఉద్యమమే.

సెప్టెంబర్ 28

సద్దుల బతుకమ్మ దగ్గరికొచ్చింది. ఊరి ఆడవాళ్లు పూలకు మా చెలకల్లోకి వస్తున్నారు. బూరికి పొదుగు దిగింది. నాకు నిద్ర లేదు.

అక్టోబర్ 3, శుక్రవారం

ఎక్కడ మొదలుపెట్టాలి.

నిన్న దసరా, గాంధీ జయంతి ఒకే రోజు. బ్రాందీ దుకాణాలు బందు అని తెలిసి మగవాళ్లంతా ముందు రోజే తెచ్చి దాచుకున్నారు. ఇవాళ తొమ్మిదైనా తండాలో ఒక్క మగ మనిషి సరిగా నిలబడలేదు. బూరి అలాంటి రోజు చూసుకుంది.

ఆరున్నరకు ఉమ్మనీటి సంచి పగిలింది. ఎనిమిదైనా ఏమీ లేదు. నొప్పే లేదు! బర్రె పడుకుని మెడను డొక్క వైపు తిప్పి పెట్టింది. చెవులు పట్టుకుంటే చల్లగా ఉన్నాయి. మండల పశువుల దవాఖాన డాక్టరు సుమ మేడంకు ఫోన్ చేశాను. సెలవు రోజు, ఎత్తదనుకున్నాను. ఎత్తింది. "గంటలో వస్త. అప్పటిదాక ఎవర్నీ లాగనియ్యకు."

హీర్యా కాకా తాడుతో రానే వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, చేతులు మాత్రం వణకడం లేదు. వెనకాల బాపు, అమర్‌సింగ్ కాకా, ఇంకా నలుగురు.

"జరుగు బిడ్డా."

"జరగ."

"దుడ్డె సస్తది."

"లాగితే రెండూ సస్తయ్. మొన్న జూసినం గద."

బాపు నా రెక్క పట్టుకున్నాడు. కొట్టం వాసాన్ని పట్టుకుని వేలాడాను. అందరి ముందు నన్ను ఈడుస్తావా, ఈడ్చు, అని మా తండా మాటలో అరిచాను. ఆ తర్వాత అన్న తిట్లు ఇక్కడ రాయను. మా మాటకు లిపి లేకపోవడం ఒకందుకు మంచిదే. యాడి వచ్చి నా పక్కన నిలబడింది. బాపు చెయ్యి వదిలాడు.

ఆ గంట ఎలా గడిచిందో రాయలేను.

మేడం స్కూటీ మీద వచ్చింది. పండగ చీర మీదే. ముందు మెడలో నుంచి కొంచెం రక్తం గాజు గొట్టంలోకి తీసి పెట్టుకుంది. ఇట్లాంటి ఈతల రక్తం జమ చేసి పరీక్షలకు పంపుతోందట. తర్వాత సీసాను నాతో తలకిందులుగా పట్టించి మెడ నరంలోకి కాల్షియం ఎక్కించింది. ఒక చేత్తో సూది, ఇంకో చేత్తో స్టెతస్కోపు పెట్టి గుండె చప్పుడు వింటూ, చుక్క చుక్క. "తొందరపడితే గుండె ఆగుతది" అంది. సగం సీసాకు బూరి చెవి కదిలింది. మొత్తం అయ్యేసరికి లేచి నిలబడి పేడ వేసింది. అందరూ అరిచారు.

దుడ్డె ముందరి కాలు ఒకటి మోకాలి దగ్గర వెనక్కి మడిచి ఉంది. "నా చెయ్యి లావు. నీది పెట్టు" అంది మేడం. భుజం దాకా సబ్బు రాసి పెట్టాను. వేడి. చెయ్యిని నలిపేసే వేడి. మేడం చెప్తోంది, నేను వెతుకుతున్నాను. గిట్ట దొరికింది. గిట్టను అరచేతిలో కప్పుకుని, లోపల చీరుకోకుండా, మోకాలిని వెనక్కి నెట్టి ముందుకు తీసుకొచ్చాను. సరిగ్గా అప్పుడే బూరికి నొప్పి వచ్చింది. నా చెయ్యి విరిగిపోతుందనుకున్నాను. సంతోషంతో ఏడ్చాను.

పెయ్య దుడ్డె. బతికే ఉంది. లేచింది, పడింది, లేచింది.

అమర్‌సింగ్ కాకా అందరూ వినేలా అన్నాడు, "హీర్యా, నీ తాడు ఇగ బట్టలారేసుకునెటందుకు పనికొస్తది."

నవ్వులే నవ్వులు. హీర్యా కాకా తాడు చుట్టుకుని భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. వెనక్కి చూడలేదు.

కరపత్రం గెలిచింది! నేను గెలిచాను!

అక్టోబర్ 5

జున్ను తండా అంతా పంచాను. హీర్యా కాకా ఇంటికి కూడా. ఆయన లేడు.

ఇంకో రెండు ఇళ్ల వాళ్లు కాల్షియం డబ్బా ఎక్కడ దొరుకుతుందని అడిగారు. చాందీ అక్క ఇప్పుడు పొద్దున, సాయంత్రం రెండు పూటలా పోస్తోందట.

బాపు నోరు మూసుకునే ఉన్నాడు. మాట నిలబెట్టుకున్నాడు.

అక్టోబర్ 9, గురువారం

జఫర్‌గఢ్ పోయాను. మేడం రమ్మంది.

ఏమీ జరగలేదు.

అక్టోబర్ 10

పత్తి మొదటి ఏరుడు. వాన పడి తడిసింది.

పరీక్షలు తప్పు కూడా కావచ్చు. గాజు గొట్టం స్కూటీ డిక్కీలో ఎంతసేపు ఉందో ఎవరికి తెలుసు. ఎండ కూడా ఉంది ఆ రోజు.

అక్టోబర్ 11, శనివారం

సరే, రాస్తాను. నా కోసం రాసుకునే పుస్తకంలో కూడా అబద్ధం రాస్తే ఇక నాకూ అచ్చేసిన అబద్ధాలు పంచేవాళ్లకూ తేడా ఏంటి.

మేడం కాగితం చూపించి మెల్లగా చెప్పింది. బూరి రక్తంలో చక్కెర బాగుంది. దాణా వల్లే అంతసేపు తట్టుకుంది. కాల్షియం మాత్రం ఉండాల్సిన దాంట్లో సగం కూడా లేదు.

"ఈనకముందు కాల్షియం తాగిపించినవా?"

"నెల దినాలు. ఒక్క రోజు తప్పలే మేడం" అన్నాను గొప్పగా.

ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. "అందుకే పడిపోయింది."

ఎముకల్లో బోలెడు కాల్షియం ఉంటుందట. అవసరమైనప్పుడు ఒళ్లు దాన్ని రక్తంలోకి తెచ్చుకుంటుంది. నెల రోజులు నోట్లో పోస్తూ ఉంటే ఒళ్లు బద్ధకించి ఆ పని మరిచిపోతుంది. ఈనే రోజు ఒక్కసారిగా ఎక్కువ కావాల్సి వస్తే ఎముకల నుంచి తీసుకోవడం చేతకాదు. ఆఖరి నెల దాణా పెట్టాలి, కాల్షియం పోయకూడదు. అది ఈనే రోజున, ఈనిన తర్వాత.

"ఎవరు చెప్పిన్రు నీకు పొయ్యమని?"

"కరపత్రం."

"ఏ కరపత్రం? మేం పంచిందేనా? అండ్ల వద్దనే ఉంటది గదా, వెనక పక్క."

అంటే బూరిని చావు దాకా తీసుకెళ్లింది వరిగడ్డి కాదు. హీర్యా కాకా కాదు. గొట్టం పట్టుకున్న ఈ చెయ్యి.

అక్టోబర్ 11, సాయంత్రం

తడి గుడ్డతో కరపత్రాన్ని నానబెట్టి ఊడదీశాను. గంజి బాగా పట్టింది, సగం గోడకే ఉండిపోయింది. కింది డబ్బాలో నాలుగు మాటలు దొరికాయి: "...ముందు నెల కాల్షియం తాగించరాదు."

నల్ల గీత గీసి మరీ అచ్చేశారు.

అక్టోబర్ 12, ఆదివారం

చెప్పను.

చెప్తే ఏమవుతుంది? "చూసిన్రా, పోరి చదువు" అంటాడు హీర్యా కాకా. కాల్షియంతో పాటు దాణా కూడా తప్పే అంటారు. మళ్లీ రెండు నెలలు ఉత్త వరిగడ్డి. మళ్లీ బలం లేని బర్రెలు, మళ్లీ తాడు. ఇన్నాళ్ల పోరాటం గంగలో. ఒక చిన్న పొరపాటు కోసం పెద్ద నిజాన్ని బలిపెట్టాలా? నేను నా పరువు కోసం ఆలోచించడం లేదు. తండా కోసమే ఆలోచిస్తున్నాను.

కాల్షియం డబ్బాలు దుకాణంలో అయిపోయాయని చెప్పొచ్చు. అబద్ధమైనా పని జరుగుతుంది.

అక్టోబర్ 12, తర్వాత

చాందీ అక్క నీళ్ల దగ్గర కనపడింది.

"నీ మందు ఒక్క పూట తప్పలే లతా. నిన్న జ్వరమొచ్చినా లేచి పోసిన. మా అత్త మొత్తుకుంటున్నది. లత చెప్పిందంటే చెప్పినట్టే, మందు బందు పెట్టేది లేదన్న."

బిందె నిండి పొంగిపోతున్నా ఇద్దరం చూడలేదు. నోరు తెరిచాను. "మంచిగ చేసినవక్కా" అని వచ్చింది.

మంచిగ చేసినవక్కా. నా నోటి నుంచే వచ్చింది ఆ మాట. ఆమె జ్వరంతో లేచి తన బర్రెకు ప్రమాదం పోస్తుంటే, మంచిగ చేసినవక్కా.

తండా కోసమట!

అక్టోబర్ 13, సోమవారం

చెప్పాను. పాలకేంద్రం దగ్గర, పొద్దున, క్యాన్లు పట్టుకుని అందరూ ఉన్నప్పుడు. ఇంటింటికీ పోయి గుసగుసలాడడం నాకు రాదు. గట్టిగానే చెప్పాను. అరిచాననే అనాలి.

"అందరు ఇనుండ్రి! ఈనకముందు కాల్షియం పొయ్యొద్దు! పొయ్యమని చెప్పింది నేనే, తప్పు చెప్పింది నేనే. మా బూరికి నొప్పులు రాకపోవుడు నా వల్లనే. ఇయాల్టి నుంచి బందు పెట్టుండ్రి!"

క్యాను మూత ఒకటి కింద పడి తిరుగుతూ ఉంది.

"మరి దాణా?" అంది తుల్సీబాయి అవ్వ. ఇప్పుడు ఆమెకు బర్రె కూడా లేదు. అయినా అడిగింది.

"దాణా పెట్టాలె అవ్వా. నీ తవుడు నీ బర్రెను సంపలే. రెండొద్దులు కాదు, రెండు నెలలు పెడితే గింత బలమన్న ఉండేదేమో. నీ తప్పు లేదు."

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అమర్‌సింగ్ కాకా మండిపడ్డాడు. "నువ్వేమన్న మంత్రివా పూటకో మాట చెప్పనీకి? నిన్న పొయ్యమంటివి, నేడు వద్దంటివి. రేపు బర్రెకు చీర కట్టుమంటవ్!"

"నిన్న తెల్వదు. ఇయాల తెలిసింది. తెలిసినంక కూడ గదే చెప్పాల్నా?"

హీర్యా కాకా గోడకు ఆనుకుని బీడీ కాలుస్తున్నాడు. ఇక ఆయన వంతు అనుకుని పిడికిళ్లు బిగించాను. ఒక్క మాట అన్నాడా, ఆ పుల్లలాంటి దుడ్డె సంగతి మళ్లీ తీస్తాను, అని.

ఆయన పొగ వదిలి, "ముప్పై ఏండ్ల సంది లాగుతున్న" అన్నాడు. "నా చేతుల సచ్చినయి ఎన్నో ఎవరన్న అడిగిన్రా? నేను చెప్పిన్నా?"

బీడీ నలిపి లేచి వెళ్లిపోయాడు.

అక్టోబర్ 14

బాపు హైదరాబాద్ మాట ఎత్తుతాడని కాచుకుని ఉన్నాను. నేనే ముందు అడిగాను. "పంపుతవా?"

"బూరి బతికింది గద" అన్నాడు గడ్డి మోపు దించుతూ. "మాట మాటే. తప్పు నువ్వు చేసినా బతికిందైతే బతికింది." తర్వాత, "గట్ల అందరి ముంగట ఎందుకు చెప్పినవే?" అన్నాడు. కోపంగా కాదు. నిజంగానే తెలియక అడిగినట్టు.

నాకూ సరిగా తెలియదు.

అక్టోబర్ 16

చాందీ అక్క నాతో మాట్లాడడం మానేసింది. ఆమె అత్త మాత్రం నాలుగిళ్లకు వినపడేలా మాట్లాడుతోంది.

అక్టోబర్ 21

నిన్న దీపావళి. చాందీ అక్క ఇంటికి మూడోసారి పోయాను. దాణా పెడుతోందని పిల్లలు చెప్పారు. డబ్బా కనపడలేదు. ఆపేసిందన్నమాట. వారం రోజులు ఆపితే ఎంత మేలో మేడంను అడిగాను. "కొంచెం" అంది. ఆ కొంచెం చాలు, ఆ కొంచెమే చాలు.

అక్టోబర్ 24, శుక్రవారం

చాందీ అక్క బర్రె ఈనింది.

పొద్దున మేతకు తోలితే గట్టు కింద నిలబడి ఈనేసింది. ఎవరూ లేరు. హీర్యా కాకా లేడు, నేను లేను, తాడు లేదు, సీసా లేదు. అక్క పోయి చూసేసరికి దుడ్డె పాలు తాగుతోందట.

పరుగెత్తాను. చెవులు పట్టుకుని చూశాను. వెచ్చగా ఉన్నాయి. అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. నా వల్ల చావలేదు. ఎవరూ చావలేదు.

అక్క పది రోజుల తర్వాత నాతో మాట్లాడింది. నవ్వుతూ.

"నీకొకటి చెప్పాలె. తిట్టొద్దు. నువ్వు ఆపమన్నా నేను ఆపలే."

"ఏంది?"

"మందు. డబ్బా దాచిపెట్టి పోసిన, రెండు పూటల. నీ మీద ఎవరో ఒత్తిడి పెట్టి గట్ల చెప్పించిన్రనుకున్న. హీర్యా కాకనో, మీ బాపో. నా లత గట్ల మాట మార్చదని నాకు ఎరుక. చూడు, ఎంత మంచిగ ఈనిందో!"

గట్టు మీద కూర్చునే నవ్వాను, తర్వాత గట్టిగా ఏడ్చాను. అక్క నేను సంతోషంతో ఏడుస్తున్నాననుకుని వీపు నిమిరింది.

అక్టోబర్ 25, శనివారం

మేడంకు ఫోన్ చేశాను. అదృష్టం, అంది. అన్ని బర్రెలకూ పడిపోదట, కొన్నిటి ఒళ్లు ఎలాగో తట్టుకుంటుందట. ప్రమాదం ఇంకా పోలేదు. పాలు దిగే మూడు రోజులూ చూడాలి, చెవులు చల్లబడితే వెంటనే పిలవాలి. ఇప్పుడు మాత్రం కాల్షియం పోయొచ్చు.

ఇదే మాట అక్కకు చెప్తే పడీ పడీ నవ్వింది. "అప్పుడు పొయ్యమంటివి, నడుమ వద్దంటివి, మళ్ల ఇప్పుడు పొయ్యమంటున్నవ్. పిచ్చి లేసిందానే నీకు?"

తండా అంతా తెలిసిపోయింది. పాలకేంద్రం దగ్గర అమర్‌సింగ్ కాకా తీర్పు చెప్పేశాడు: "మందు మంచిదే. పోరే భయపడ్డది." మళ్లీ డబ్బా తెస్తాడట. ఇంకో ఇద్దరు కూడా.

వాళ్లను నమ్మించడానికి నాకు ఒక బతికిన బర్రె చాలింది. ఇప్పుడు వాళ్లను ఆపడానికి ఒక బర్రె చావాలా? చావనివ్వను. నా మాట మీద మళ్లీ నేనే కొట్లాడతాను, ఇంటింటికీ పోయి, ఎంతమంది తలుపు వేసుకున్నా.

సాయంత్రం హీర్యా కాకా మా కొట్టం దగ్గరికి వచ్చాడు. గోడ మీద ఊడిపోయిన కరపత్రం ముక్కలు చూశాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అమర్‌సింగ్ ఇంటికి పోయొస్తున్న" అన్నాడు. "మందు పొయ్యొద్దని చెప్పిన. దాణా పెట్టుమని చెప్పిన. నన్ను జూసి నవ్విండు. పోరి దగ్గర కూలికి కుదిరినవా అన్నడు."

"నువ్వేమన్నవ్ కాకా?"

"కుదిరిన అన్న." ముఖం పక్కకు తిప్పుకున్నాడు. "రేపు ఇద్దరం కలిసి పోదాం. ఒక్కణ్నే పోతే నవ్వుతున్రు."

అక్టోబర్ 26, ఆదివారం

ముందు చాందీ అక్క ఇంటికి పోయాం. బర్రె చెవులు వెచ్చగా ఉన్నాయి. మూడో రోజు. హీర్యా కాకా గడప బయటే నిలబడ్డాడు, అత్త లోపలికి రమ్మనలేదు.

అక్క పళ్లెంలో జున్ను పెట్టి నా చేతికిచ్చింది. "తిను. నీ మాట ఇన్నందుకే నా బర్రె బతికింది."

తిన్నాను. బెల్లం ఎక్కువ వేసింది, బాగుంది. తింటూనే చెప్పాను.

"అక్కా, నీ బర్రె నా మాట ఇన్నందుకు బతకలే. నా మాట ఇన్నా బతికింది."

"పో పిచ్చిదానా" అని నవ్వి, ఇంకో ముక్క వేసింది. అది కూడా తిని, మళ్లీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను.